పిల్లల వివరాలు బయటికి పోతే ముందు తెలియాల్సింది మనకే

పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో సంక్రాంతి సెలవులు అయ్యీ కాకముందే ఫోన్లు మొదలవుతాయి. ఇంటర్‌లో ఏ గ్రూపు అనుకుంటున్నారు సార్, మా క్యాంపస్ ఒక్కసారి చూసి వెళ్లండి మేడమ్, ఇప్పుడే సీటు రిజర్వు చేసుకుంటే ఫీజులో రాయితీ ఇస్తాం అంటూ. అవతల మాట్లాడే పీఆర్వోకు పిల్లవాడి పేరు తెలుసు. చదివే స్కూలు తెలుసు. ఒక్కోసారి సెక్షన్ కూడా తెలుసు. ఈ నంబరు మీకెక్కడిది అని అడిగితే "డేటా వచ్చింది మేడమ్" అంటారు. ఎక్కడి నుంచి వచ్చింది అంటే మాత్రం జవాబు ఉండదు. మనమూ విసుక్కుని నంబరు బ్లాక్ చేసి ఊరుకుంటాం.

మన రెండు రాష్ట్రాల్లో ఇది ఎంత మామూలైపోయిందంటే, ఇందులో తప్పేముంది అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం చూస్తే తప్పు ఉంది. ఆ జాబితా ఒక స్కూలు కంప్యూటర్ నుంచి గానీ, పరీక్షల సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి గానీ, ఐడీ కార్డులు ప్రింట్ చేసే షాపు నుంచి గానీ అనుమతి లేకుండా బయటికి వచ్చి ఉంటే అది డేటా బ్రీచ్. దానికి ఎక్కడో చీకటి గదిలో కూర్చున్న హ్యాకరే ఉండక్కర్లేదు. పొరపాటున వేరే వాట్సాప్ గ్రూపులో పడిన ఎక్సెల్ షీటు కూడా బ్రీచే. వైరస్ వచ్చి రికార్డులన్నీ తాళం పడినట్టు తెరుచుకోకుండా పోయినా బ్రీచే.

స్కూలు దగ్గర మన పిల్లల గురించి ఏమేం ఉన్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. అడ్మిషన్ ఫారంలో పేరు, పుట్టిన తేదీ, ఆధార్, కులం, మతం, మాతృభాష, అమ్మానాన్నల చదువు, ఉద్యోగం, ఆదాయం, ఇంటి చిరునామా, ఫోటో. పదో తరగతికి వచ్చేసరికి నామినల్ రోల్స్ కోసం రెండు పుట్టుమచ్చలు. వీటి మీద ఏడాది పొడవునా చేరుతూ పోయేవి మార్కులు, హాజరు, ఫీజు బకాయి, బస్సు రూటు, దిగే స్టాపు, ఆయాసం ఉందా ఫిట్స్ వస్తాయా అని నింపిన హెల్త్ కార్డు, కౌన్సెలర్ రాసుకున్న నోట్సు. బ్యాంకు పాస్‌వర్డు పోతే పది నిమిషాల్లో మార్చుకుంటాం. ఏటీఎం కార్డు పోతే బ్లాక్ చేయిస్తాం. పుట్టిన తేదీని, కులాన్ని, చిన్నప్పుడు వచ్చిన జబ్బును, మోచేతి మీది మచ్చను ఎలా మారుస్తాం?

దూరపు ప్రమాదం సంగతి అలా ఉంచండి. దగ్గరి ప్రమాదం ఒకటి ఉంది. "మీ అబ్బాయిని పోలీసులు పట్టుకున్నారు, కేసు లేకుండా చేయాలంటే వెంటనే డబ్బు పంపండి" అని తల్లిదండ్రులను భయపెట్టే ఫోన్ల గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. పిల్లవాడి పేరు ఒక్కటే తెలిసినవాడు ఆ ఫోన్ చేస్తే మనకు అనుమానం వస్తుంది. క్లాసు, సెక్షన్, బస్సు నంబరు, దిగే స్టాపు కూడా చెప్పాడంటే ఎంత ధైర్యవంతులకైనా చేతులు వణుకుతాయి. ఆ వివరాలు వారం కిందట బయటికి పోయాయని మనకు ముందే తెలిసి ఉంటే ఆ ఫోన్‌కు మనం ఇచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

చట్టం వెనకున్న కథ క్లుప్తంగా. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. చట్టం రావడానికి ఆరేళ్లు, దాని నియమాలు రావడానికి మరో రెండేళ్లు పట్టింది. 2025 నవంబరులో నియమాలను ప్రకటించారు గానీ, సంస్థలు సర్దుకోవడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ నోటిఫికేషన్ ప్రకారం మనకు పనికొచ్చే సెక్షన్లు చాలావరకు 2027 మేలో అమల్లోకి వస్తాయి.

మన డేటా తీసుకున్న సంస్థను ఈ చట్టం ఫిడ్యూషియరీ అంటుంది. నమ్మి అప్పగించిన సొమ్మును కాపాడాల్సినవాడు అని దాని భావం. మన డేటా పోయిందని తెలిసిన వెంటనే ఆ సంస్థ ఇద్దరికి కబురు చేయాలి. ఒకరు డేటా ప్రొటెక్షన్ బోర్డు. రెండోవారు, ఎవరి డేటా పోయిందో వాళ్లు, ప్రతి ఒక్కరికీ విడివిడిగా. 18 ఏళ్లు నిండనివారు చట్టం దృష్టిలో పిల్లలే కాబట్టి వారి తరఫున ఆ కబురు అందుకోవాల్సింది తల్లిదండ్రులు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎంతమేరకు పోయింది, దానివల్ల మనకు ఏం కావచ్చు, సంస్థ ఏం చేసింది, మనం ఏం జాగ్రత్త తీసుకోవాలి, సందేహముంటే ఎవరిని అడగాలి. ఇవన్నీ సూటిగా, అర్థమయ్యే మాటల్లో చెప్పాలని నియమం.

బోర్డుకు పూర్తి వివరాలు ఇవ్వడానికి 72 గంటల గడువు పెట్టారు. తల్లిదండ్రుల విషయానికొచ్చేసరికి "ఆలస్యం లేకుండా" అని రాసి వదిలేశారు. గంటల లెక్క లేదు. ఇది నాకు నచ్చలేదు. ఇప్పటికే అమల్లో ఉన్న సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం, 2022 నుంచీ, సైబర్ ఘటన ఏదైనా జరిగితే సంస్థలు 6 గంటల్లో ఆ ప్రభుత్వ విభాగానికి చెప్పాలి. ఢిల్లీకి ఆరు గంటల్లో చేరే వార్త పక్క వీధిలో ఉన్న తల్లికి ఎప్పుడు చేరాలో మాత్రం అంకె లేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు వచ్చే కబురు ఎవరికి ఉపయోగం?

కబురు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. భద్రతా ఏర్పాట్లు సరిగా చేయని సంస్థకు ఈ చట్టం కింద 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లీక్ సంగతి చెప్పకుండా దాచితే 200 కోట్ల వరకు. అంకెలు చూసి అబ్బో అనుకుంటాం. ఆ సొమ్ము చేరేది భారత ప్రభుత్వ సంచిత నిధికి. డేటా పోగొట్టుకున్న కుటుంబానికి అందులో పైసా రాదు. అంతకుముందు ఐటీ చట్టంలో 43ఏ అనే సెక్షన్ ఒకటుండేది. సంస్థ నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారు పరిహారం కోరడానికి అది దారి. దాన్ని ఎంతమంది వాడుకున్నారన్నది వేరే చర్చ. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చేసరికి ఆ సెక్షన్ తొలగిపోతుంది. అంటే లీక్ జరిగినప్పుడు ఈ చట్టం కింద తల్లిదండ్రుల చేతికి నేరుగా అందేది ఆ కబురు ఒక్కటే. కాబట్టి అది వేళకు రావాలి, పనికొచ్చేలా ఉండాలి.

పనికొచ్చేలా అంటే ఏమిటో చెప్తాను. "సాంకేతిక కారణాల వల్ల కొంత సమాచారం ప్రభావితమై ఉండవచ్చు. మీ భద్రతే మా ప్రథమ ప్రాధాన్యం." ఇలాంటి మెసేజ్ వంద మందికి పంపినా ఒకటే, పంపకపోయినా ఒకటే. దాని బదులు ఇలా ఉందనుకోండి: "సోమవారం రాత్రి మా ఫీజుల సాఫ్ట్‌వేర్ నుంచి 6, 7 తరగతుల పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు బయటికి వెళ్లాయి. ఆధార్ నంబర్లు, మార్కులు అందులో లేవు. ఆ దారి మంగళవారం ఉదయం మూసేశాం. కొద్ది రోజులపాటు స్కూలు పేరుతో ఫీజు కట్టమని లింకు వస్తే నొక్కకండి. మేము ఫోన్లో ఓటీపీ అడగం. సందేహముంటే ఆఫీసులో ఫలానా వారితో మాట్లాడండి." అయిదారు వాక్యాలు. ఇది చదివిన తండ్రికి ఏం పోయిందో, ఏం పోలేదో, ఇవాళ్టి నుంచి ఏం చేయాలో తెలుస్తుంది. ఇంకో మాట. సమ్మతి కోరే నోటీసును మనం కావాలంటే తెలుగులో చూసుకునే హక్కు చట్టంలో ఉంది. లీక్ కబురు విషయంలో నియమాలు భాష ఊసెత్తలేదు. ఈ పత్రిక రెండు భాషల్లో వస్తున్నప్పుడు ఆ కబురు ఎందుకు రాకూడదు?

ఇలాంటిది నిజంగా జరిగితే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి అమెరికా, కెనడా స్కూళ్లకు ఒక చేదు అనుభవం ఉంది. మన బంధువుల పిల్లలు ఎందరో చదువుతున్న స్కూళ్లు కాబట్టి కొందరు ఇప్పటికే విని ఉంటారు. పవర్‌స్కూల్ అనేది అక్కడ వేల స్కూళ్లు వాడే సాఫ్ట్‌వేర్. హాజరు, మార్కులు, ఆరోగ్య వివరాలు అన్నీ అందులోనే. 2024 డిసెంబరు చివర్లో ఒకరు ఆ కంపెనీ సిబ్బంది వాడే సపోర్ట్ పోర్టల్‌లోకి చోరీ చేసిన లాగిన్‌తో ప్రవేశించారు. పాస్‌వర్డు తర్వాత ఓటీపీ లాంటి రెండో తాళం అక్కడ లేదు. డిసెంబరు 28న కంపెనీకి విషయం తెలిసింది. స్కూళ్లకు చెప్పింది జనవరి 7న. పోయిన వివరాలు కోట్ల మంది పిల్లలవి. కొందరి సోషల్ సెక్యూరిటీ నంబర్లు, వైద్య వివరాలు కూడా ఉన్నాయి.

ఆ తర్వాతి సంగతి ఇంకా విడ్డూరం. డేటా చెరిపేస్తానన్న మాట మీద కంపెనీ డబ్బు చెల్లించింది. చెరిపేస్తున్నట్టు ఒక వీడియో కూడా చూపించారట. నాలుగు నెలలు తిరక్కుండానే, 2025 మేలో, అదే డేటా చూపించి కొన్ని స్కూలు బోర్డులను నేరుగా డబ్బడిగారు. టొరంటో స్కూలు బోర్డు వాటిలో ఒకటి. చేసింది ఎవరయ్యా అంటే 19 ఏళ్ల కాలేజీ కుర్రాడు. నేరం ఒప్పుకున్నాడు, నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. పేరుమోసిన ముఠాలను, విదేశీ గూఢచారులను ఊహించుకునే మనకు ఇది కాస్త ఇబ్బందికరమైన జవాబే.

ఇందులో నన్ను ఆపేసిన వివరం వేరే ఉంది. టొరంటోలో బయటపడినవాటిలో 1985 నాటి విద్యార్థుల వివరాలు కూడా ఉండవచ్చని అక్కడి బోర్డు ప్రకటించింది. అప్పటి పిల్లలకు ఇప్పుడు మనవలు పుట్టే వయసు. స్కూలు వదిలి దశాబ్దాలయ్యాక వాళ్ల అలర్జీలు, ఫోన్ నంబర్లు ఆ కంప్యూటర్లలో ఎందుకున్నాయి? ఎవరూ తీసేయలేదు కాబట్టి ఉన్నాయి. ఉండని వస్తువును దొంగ ఎత్తుకుపోలేడు. మన చట్టం కూడా అవసరం తీరాక డేటా చెరిపేయమంటుంది, ఇతర చట్టాల ప్రకారం ఉంచాల్సినవి తప్ప. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ రికార్డు ఉంచక తప్పదు. ఎల్‌కేజీ ఇంటర్వ్యూకు వచ్చి సీటు తీసుకోకుండా వెళ్లిపోయిన పిల్లల ఫారాలు, వాళ్ల ఆధార్ జిరాక్సులు ఎందుకు?

మన దేశంలోనూ ఉదాహరణకు వెతుక్కోనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్‌కు చెందిన క్లౌడ్ సర్వర్ ఒకటి రక్షణ లేకుండా ఉండిపోయిందని 2023 జనవరిలో వార్తలొచ్చాయి. పది లక్షల మందికి పైగా టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, సుమారు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరాలు అందులో ఉన్నాయి. అక్కడ తాళం పగలగొట్టినవాళ్లు లేరు. తలుపే వేయలేదు.

స్కూళ్లకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఉందట కదా అని తోటి తల్లిదండ్రులు, ఒకరిద్దరు స్కూలు నిర్వాహకులు కూడా అనడం విన్నాను. ఇది సగం నిజం. పిల్లల కదలికలను, ప్రవర్తనను గమనించడానికి మామూలు సంస్థలకు ఉన్న నిషేధం చదువు కోసం, భద్రత కోసం అయితే విద్యాసంస్థలకు వర్తించదు. బస్సులో జీపీఎస్ పెట్టుకోవచ్చు, హాజరు యాప్ నడుపుకోవచ్చు. ఆ వివరాలను భద్రంగా ఉంచాల్సిన బాధ్యత నుంచి గానీ, పోతే చెప్పాల్సిన బాధ్యత నుంచి గానీ ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. సాఫ్ట్‌వేర్ మాది కాదు, ఫలానా కంపెనీది అన్న జవాబు కూడా చెల్లదు. ఫారం మీద సంతకం మనం స్కూలుకు పెట్టాం, ఆ కంపెనీకి కాదు. చట్టమూ అదే అంటుంది: వెండర్ దగ్గర పోయినా జవాబుదారీ వెండర్‌ను పెట్టుకున్న సంస్థదే.

యాజమాన్యాల భయం నాకు అర్థం కాకపోలేదు. అడ్మిషన్ల సీజన్‌లో "మా దగ్గర డేటా పోయింది" అని మెసేజ్ పెట్టడం అంటే పక్క స్కూలుకు ఉచితంగా ప్రచారం చేసిపెట్టడమే. పైగా చిన్న పొరపాటుకు కూడా కబురు పెడితే తల్లిదండ్రులు బెదిరిపోతారని, నాలుగోసారి వచ్చిన మెసేజ్ ఎవరూ చదవరని కొందరి వాదన. ఈ రెండో మాటలో పస ఉంది. యూరప్‌లో ముప్పు ఎక్కువగా ఉన్నప్పుడే వ్యక్తులకు చెప్పమంటారు. మన చట్టంలో అలాంటి గీత లేదు, చిన్నదైనా పెద్దదైనా చెప్పాల్సిందే. బ్యాంకుల విషయంలో ఏమో గానీ స్కూళ్ల విషయంలో మన పద్ధతే మేలని నా అభిప్రాయం. ముప్పు చిన్నదా పెద్దదా అని తేల్చేది ఎవరు? దాచుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లే. విడిపోయిన భార్యాభర్తల కేసు కోర్టులో ఉన్న ఇంట్లో, పిల్ల ఏ స్టాపులో దిగుతుందన్నది చిన్న విషయం కాదు. అది స్కూలు ఆఫీసుకు తెలిసే అవకాశం లేదు, ఆ తల్లికే తెలుస్తుంది. ఇక పేరు పోతుందన్న భయం గురించి ఒక్కటే మాట. పీఆర్వో నోట మన పిల్ల సెక్షన్ విన్న రోజున స్కూలు పేరు మన ఇంట్లో ఎలాగూ పోతుంది.

మన వైపు కూడా కొంచెం చూసుకోవాలి. క్లాస్ గ్రూపులో అందరి మార్కుల షీటు ఎవరో పెట్టడం, మనం దాన్ని అమ్మమ్మ గ్రూపుకు, అపార్ట్‌మెంట్ గ్రూపుకు పంపడం మామూలే. పుట్టినరోజు ఫోటోలో ఐడీ కార్డు మీది నంబరు స్పష్టంగా కనిపిస్తుంటుంది. ఇంట్లోవాళ్లం సొంతానికి చేసే పనులను చట్టం పట్టించుకోదు గానీ, పట్టించుకునేవాళ్లు వేరే ఉంటారు. పిల్లల సంగతీ ఉంది. బ్రిటన్‌లో స్కూళ్లలో లోపలివాళ్ల వల్ల జరిగిన లీక్‌లను అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం 2025లో పరిశీలిస్తే, సగానికి పైగా చేసింది విద్యార్థులేనని తేలింది. టీచర్ పాస్‌వర్డు స్టిక్కర్ మీద రాసి మానిటర్‌కు అంటిస్తే తొమ్మిదో తరగతి బుర్రలకు అది పజిల్ కూడా కాదు.

కాగితాల విషయం ఈ చట్టంలో లేదు. కంప్యూటర్‌లోకి ఎక్కని రిజిస్టరు, బీరువాలోని ఫారాల కట్ట దీని పరిధిలోకి రావు. బజ్జీల బండి దగ్గర పొట్లంలో ఎవరో పిల్లల పాత మార్కుల జాబితా కనిపిస్తే బోర్డుకు ఫిర్యాదు చేయలేం. పాత కాగితాలను తూకానికి అమ్మేముందు చింపి ముక్కలు చేసే మిషన్ ఒకటి కొనడం స్కూలుకు పెద్ద ఖర్చేమీ కాదు.

2027 మే దాకా ఆగాల్సిన పని లేదు. ఈ పత్రికను నడిపే యాజమాన్యాన్ని, మీ బ్రాంచి ప్రిన్సిపాల్‌ను వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. మా పిల్లల వివరాలు ఏయే బయటి కంపెనీల దగ్గర ఉన్నాయో జాబితా ఇస్తారా? లీక్ జరిగితే 72 గంటల్లో మాకూ చెప్తామని రాసిస్తారా? చదువు పూర్తయి వెళ్లిపోయిన పిల్లల వివరాల్లో ఏవి ఉంచుతారు, ఏవి ఎప్పుడు తీసేస్తారు? జవాబు తెలిసిన మనిషి పేరు, ఫోన్ నంబరు డైరీ మొదటి పేజీలో ప్రింట్ చేస్తారా? "హెడ్ ఆఫీసును అడిగి చెప్తాం" అంటే సరే అనండి, ఎప్పటిలోగా అని తేదీ కూడా అడగండి.

అలాగే మీటింగ్‌కు వెళ్లినప్పుడు ఆఫీసు కౌంటర్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. లీక్ కబురు మనం స్కూలుకు ఇచ్చిన నంబరుకో, ఈమెయిల్‌కో, యాప్‌కో వస్తుంది. చాలా మంది రికార్డులో ఇప్పటికీ ఎల్‌కేజీలో చేర్చిననాటి నంబరే ఉంటుంది. కొందరిది తాతయ్య నంబరు, కొందరిది గల్ఫ్‌కు వెళ్లకముందు నాన్న వాడిన సిమ్. రీచార్జ్ చేయక మూలపడిన ఆ సిమ్ ఈ పాటికి ఇంకెవరి చేతికో వెళ్లి ఉంటుంది, మీ పిల్లల హాజరు మెసేజ్‌లు రోజూ వాళ్లకు వెళ్తూ ఉంటాయి. ముందు ఆ నంబరు మార్పించండి.